ఒడ్డున మిగిలిన చప్పుళ్ళు

భీమిలిలో మావయ్య పెద్దకర్మ నాడు భోజనాలు అయ్యాక, ఆయన కొడుకు నన్ను లోపలి గదిలోకి పిలిచి, మంచం కింద నుంచి రేకు ట్రంకు పెట్టె ఒకటి బయటికి లాగాడు. మూత తీసీ తీయగానే నాఫ్తలీన్ ఉండల ఘాటు, దాని వెనకే ఏళ్ళ తరబడి గాలి తగలని ప్లాస్టిక్ వాసన గుప్పుమన్నాయి. అత్తయ్య పట్టుచీరల మడతల్లో, చీరకొకటి చొప్పున, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవైన మినీ డీవీ వీడియో క్యాసెట్లు ఉన్నాయి. తేమ తగలకూడదని మావయ్యే అలా పెట్టించేవారట. వాటిలో ఒకదాని మీద అంటించిన చీటీలో నా చేతిరాత కనిపించింది: "పాట, రెండో రోజు, చెరపవద్దు." ఆ నీలి సిరా చూడగానే నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఆయన నాకు ఏ వరసకూ మావయ్య కారు. డిగ్రీలో నా స్నేహితుడికి మేనమామ. వాడు పిలిచినట్లే మేమందరమూ పిలిచాం, ఆ పిలుపు అలాగే స్థిరపడిపోయింది. భీమిలి గంట స్తంభానికి దగ్గరలో ఆయనకు చిన్న ఫొటో, వీడియో దుకాణం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో రెండు తరాల పెళ్ళిళ్ళు ఆయన కంటి ముందు నుంచే నడిచాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు ఆ దుకాణం పైకప్పు ఎగిరిపోయి, బీరువాలో దాచిన క్యాసెట్లన్నీ ఉప్పునీటి వానకు తడిసి ముద్దయ్యాయి. ఇంట్లో చీరల మధ్య ఉన్నవి మాత్రం బతికాయి. మా పాట ఇంటి పెట్టెలోకి ఎందుకు చేరిందో, సొంత పిల్లల అన్నప్రాసనల పక్కన దానికి ఎందుకు చోటిచ్చారో అడగడానికి ఇప్పుడు ఆయన లేరు.

*

డిగ్రీ చివరి సంవత్సరంలో మేము ఐదుగురం కలిసి ఒక పాట చేశాం. ఒకడి దగ్గర కాసియో కీబోర్డు ఉంది, ఒక అమ్మాయికి శాస్త్రీయ సంగీతం వచ్చు, నాకు పాట రాయాలన్న తపన ఉంది. "ఒడ్డున వదిలిన అడుగులనడుగు, వచ్చిన దారెటు పోయిందో" అని పల్లవి మొదలవుతుంది. చదువు అయిపోతోందన్న దిగులు తప్ప ఆ వయసులో మాకు తెలిసిన విషాదం వేరే ఏదీ లేదు, అందుచేత పాట నిండా అదే ఉంది. విశాఖ ద్వారకానగర్‌లో ఒక చిన్న స్టూడియోలో, రాత్రి పది దాటితే గంటకు అద్దె తగ్గుతుందని తెలుసుకుని, ఒక్క రాత్రిలో రికార్డు చేయించాం. గోడలకు దూది పరుపులు కట్టిన గది అది. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసేవారు. ఆ అమ్మాయి చెమటలు కక్కుతూ చరణం పాడి, తలుపు తీసుకుని వరండాలోకి వచ్చి గాలి పీల్చుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళి తర్వాతి చరణం పాడేది. తెల్లవారేసరికి 4 నిమిషాల 10 సెకన్ల పాట సీడీ మీదికి ఎక్కింది.

ఇక దానికి బొమ్మ కావాలి. యూట్యూబ్ 2005లో పుట్టినా, అప్పటికి మా లోకంలోకి ఇంకా రాలేదు. మా ఆశ అంతా ఊళ్ళోని కేబుల్ చానెల్ మీదే ఉండేది. వీసీడీ, అంటే బొమ్మతో సహా పాట ఎక్కించిన సీడీ, పట్టుకెళ్ళి ఇస్తే, సినిమాకూ సినిమాకూ మధ్య ఎప్పుడో ఒకప్పుడు వేస్తారని ఎవరో చెప్పారు. ఇంటింటా టీవీలో మా పాట కనిపిస్తుందన్న ఆ ఒక్క ఊహతో, మేనమామ ఉన్న స్నేహితుణ్ణి ముందు పెట్టుకుని భీమిలి బస్సెక్కాం.

మావయ్య మా మాట పూర్తిగా విని, గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి, "ఆషాఢంలో రండి" అన్నారు.

ఆ ఒక్క మాటలో ఆయన వృత్తి అంతా ఉంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ఆయన కెమెరాకు ఊపిరాడదు. మూఢంలోనూ ఆషాఢంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు కనుక అది గుడ్డ కప్పుకుని పడుకుంటుంది. అప్పు చేసి కొన్న సోనీ పీడీ 170 అది. లోపల వెలుతురును బొమ్మగా మార్చే సీసీడీ చిప్పులు మూడు ఉంటాయనీ, ఎరుపుకూ పచ్చకూ నీలానికీ వేరువేరుగా కన్ను ఉందనీ, అందుకే పట్టుచీర రంగు పాడవకుండా వస్తుందనీ ఆయన మాకు బిడ్డను చూపించినంత ప్రేమగా చూపించారు. డబ్బు సంగతి ఎత్తితే, "కేసెట్లు మీరు తెచ్చుకోండి, ఒక పూట భోజనం మా ఇంటిదే" అన్నారు. రెండు క్యాసెట్లు కొనడానికే మేము చందాలు వేసుకున్నాం.

*

మొదటి రోజు మొత్తం వృథా అయింది. ఆ తప్పు పూర్తిగా నాది.

సినిమా షూటింగుల్లో పాట వినిపించే యంత్రాన్ని నాగ్రా అంటారని మావయ్య చెప్పారు. నిజమైన నాగ్రా టేపు వేగం ఎంత ఎండలోనైనా వెంట్రుకవాసి కూడా తేడా రాదట. మా నాగ్రా మాత్రం మా ఇంట్లోని టేప్‌రికార్డరు. సీడీలోని పాటను క్యాసెట్‌లోకి ఎక్కించి, ఆరు బ్యాటరీలు వేసి, ఒడ్డున ఇసుకలో పెట్టి నేనే మీట నొక్కాను. మధ్యాహ్నానికి బ్యాటరీలు సన్నగిల్లడం ఎవరమూ గమనించలేదు. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. మోటారు అలిసి, నూటికి ఒక పాలు వెనకబడితే చెవికి తెలియదు. కాని నాలుగు నిమిషాల పాట చివరికి వచ్చేసరికి అది రెండున్నర సెకన్ల తేడా అవుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అరవైకి పైగా ఫ్రేములు. రాత్రి దుకాణంలో చిన్న టీవీకి కెమెరా తగిలించి, పక్కన సీడీ పెట్టి చూస్తే, పల్లవిలో కుదిరిన లిప్ మూమెంట్ రెండో చరణానికి పూర్తిగా తప్పింది. పాట ముందుకు వెళ్ళిపోయింది, పెదవులు వెనక ఎక్కడో మిగిలిపోయాయి.

నేను ఏడుపు ఆపుకుంటున్నానని మావయ్యకు తెలిసింది. ఆయన ఏమీ అనలేదు. అటక మీద నుంచి పెళ్ళిళ్ళలో వాడే సీడీ ప్లేయరునూ, ఒక స్పీకరునూ, ఇన్వర్టరు తగిలించిన కారు బ్యాటరీనీ దింపి, తుడిచి, గుమ్మం దగ్గర పెట్టారు. "రేపు దీంతో వినిపించు. పాటకి ముందు మూడు టిక్కులు ఎక్కించు. ఆ మూడో టిక్కు దొరికితే మిక్సింగులో అంతా దొరికినట్టే" అని మాత్రం చెప్పారు. పెళ్ళి వీడియోల వాళ్ళ భాషలో మిక్సింగు అంటే ఎడిటింగు. ఆ మూడు టిక్కులను నేను ఆ రాత్రే, స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి రికార్డు చేసి, కొత్త సీడీ రాయించాను.

*

రెండో రోజు ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాం. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ దిబ్బలు వేల సంవత్సరాలుగా గాలీ సముద్రమూ కలిసి పోసిన ఇసుక. ఇసుక రేణువులకు పట్టిన ఇనుము తుప్పే వాటికి ఆ ఎరుపునిచ్చింది. వాన నీరు కోసిన గండ్లలో నడుస్తుంటే రెండు పక్కలా ఎర్రటి గోడలు లేచి, సముద్రం కనిపించకుండా హోరు మాత్రం వినిపిస్తుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దాన్ని భూవారసత్వ సంపదగా గుర్తించింది. మేము వెళ్ళిన రోజుల్లో మేకలు కాసే పిల్లలూ జీడిమామిడి చెట్లూ తప్ప అక్కడ ఎవరూ ఉండేవారు కారు.

ఆ ఎరుపు చూసి కెమెరా తడబడింది. వైట్ బ్యాలెన్స్ దానికదే సరిచూసుకునేలా వదిలేస్తే, దిబ్బల ఎరుపును తగ్గించబోయి మనుషుల ముఖాలను నీలంగా చేసింది. మావయ్య భుజం మీది తువ్వాలు తీసి, అది తెల్లగా లేదని గమనించి, మా వాడి కొత్త చొక్కా విప్పించారు. దాన్ని అమ్మాయి ముఖం పక్కన పట్టుకోమని, కెమెరాకు తెలుపు అంటే ఏమిటో చూపించారు. సాయంత్రానికి ఆ చొక్కా కూడా దిబ్బల రంగులోకి దిగిపోయింది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రంగు పోలేదని వాడు ఇప్పటికీ చెబుతుంటాడు.

ఆషాఢపు మబ్బులు ఒకసారి కమ్ముకునేవి, ఒకసారి విడిపోయేవి. మబ్బు ఉన్నంతసేపూ వెలుతురు మెత్తగా ఉండేది గాని అమ్మాయి కళ్ళు చీకట్లో ఉన్నట్టుండేవి. తెచ్చిన థర్మాకోల్ రేకు మొదటి గాలికే విరిగింది. అప్పటికి అత్తయ్య క్యారేజీ పట్టుకుని వచ్చి, మేము తినేదాకా కూర్చుని, ఖాళీ చేసుకుని తెమ్మని చెప్పి వెళ్ళిపోయారు. పులిహోర, పెరుగన్నం, నంజుకోవడానికి ఆవకాయ. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ అది. మావయ్య చెయ్యి కడుక్కుని, క్యారేజీ మూతను ఇసుకతో మెరిసేలా తోమి, పంచె కొసతో తుడిచి, నా చేతికిచ్చారు. మబ్బు విడిచిన కాస్త ఎండను ఆ మూతతో పట్టి, అరచేతంత వెలుగును అమ్మాయి ముఖం మీద వేయడం నా పని అయింది. ఎక్కువ తిప్పితే ఆమె కళ్ళు మూసుకునేది, తక్కువైతే వెలుగు చెవి మీదే ఆగిపోయేది. సరిగ్గా కుదిరిన క్షణంలో రెండు కనుపాపల్లోనూ ఒక్కొక్క చుక్క తళుక్కుమనేది. వీడియోలో ఇప్పటికీ అందరూ ఆ కళ్ళ గురించే అడుగుతారు. అది మా అత్తయ్య క్యారేజీ మూత.

నెమ్మదిగా కదిలే షాట్ ఒకటి కావాలని నేను పట్టుబట్టాను. దానికి పాటను రెట్టింపు వేగంతో వినిపించి, రెట్టింపు వేగంతో పాడిస్తూ తీసి, తర్వాత సగానికి తగ్గించాలి. అప్పుడు పెదవులు పాటతో కలుస్తాయి, జుట్టూ ఓణీ మాత్రం నీళ్ళలో ఉన్నట్టు కదులుతాయి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, సెకనుకు 50 ఫీల్డులు ఉంటాయి కనుక సగానికి తగ్గించినా బొమ్మ మరీ అతుకులు పడదని మావయ్య అనుభవం. మేము దిగులుగా కట్టుకున్న పాట పిచ్చుక గొంతుతో పరుగులు తీస్తుంటే, మేకల పిల్లలు గట్టు మీద దొర్లి దొర్లి నవ్వారు. అమ్మాయి మాత్రం నవ్వకుండా, ఒక్క అక్షరం తప్పకుండా పాడింది.

చివరి చరణానికి ఒడ్డుకు దిగాం. అక్కడ అలివి వల లాగుతున్నారు. ఒడ్డున రెండు వరసల్లో ముప్పై నలభై మంది, ఆడా మగా, మోకు భుజాన వేసుకుని, ఒకరు పాట అందిస్తే మిగతావారు అందుకుంటూ, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తున్నారు. వారి లయకూ మా పాట తాళానికీ పొత్తు కుదరడం లేదు. కాసేపు ఆపమని వాళ్ళను అడుగుదామా అన్నాను.

"ఏట్రా, వలని ఆపీమంటావేటి? అందులో ఆల కూడుంది. మన బొమ్మకి చప్పుడుతో పనేటి, మిక్సింగులో తీసీడమే కదా. బేగి రండి, ఎండ దిగిపోతంది" అన్నారు మావయ్య.

ఆయన అన్నది అక్షరాలా నిజం. అలాంటి వీడియోలో కెమెరా పట్టుకున్న చప్పుడంతా పనికిరానిదే. మూడో టిక్కు దొరికి, బొమ్మను అసలు పాటతో కలిపేదాకానే దానితో అవసరం. కలిసిన మరుక్షణం ఆ ట్రాకును నొక్కేస్తారు.

*

మిక్సింగు నగరంలో, జగదాంబ దగ్గర ఒక మేడ మీది గదిలో చేశాం. 80 జీబీ హార్డ్ డిస్కు ఉన్న పెంటియం 4 కంప్యూటరు. డీవీ బొమ్మ గంటకు 13 జీబీ మింగేస్తుంది. గంట క్యాసెట్‌ను ఫైర్‌వైరు తీగ ద్వారా ఎక్కించడానికి గంటే పడుతుంది, అందులో తొందరపెట్టడానికి ఏమీ లేదు. మేము వంతులు వేసుకుని ఆ తెర ముందు కూర్చున్నాం. మిక్సింగు చేసే అన్నయ్య చాలా నేర్పరి, కాని పెళ్ళి వీడియోల అలవాటు కొద్దీ ప్రతి అతుకు దగ్గరా పూలరేకులు రాలే ఎఫెక్టు వేసేవారు. వాటిని ఒక్కొక్కటిగా తీయించడానికి మాకు రెండు రాత్రులు పట్టింది. చివరికి పాట మొత్తం కుదిరాక, ఆయన మౌసుతో కెమెరా చప్పుడు ట్రాకును ఆపేశారు. అలల హోరు, వల లాగేవారి పాట, మేకల పిల్లల నవ్వు, గాలి, మా అరుపులు ఒక్కసారిగా ఆగిపోయి, దూది పరుపుల గదిలో పాడిన పాట శుభ్రంగా వినిపించింది. గదిలో అందరమూ చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను.

కేబుల్‌లో రెండు ఆదివారాలు వేశారు. మా అమ్మ వీధి వీధంతా చెప్పి వచ్చింది. ఆ తర్వాత ఒకడు బెంగళూరుకూ, ఒకడు దుబాయికీ, పాడిన అమ్మాయి పెళ్ళయి రాజమండ్రికీ వెళ్ళిపోయారు. నేను హైదరాబాదు వచ్చి ఉద్యోగంలో పడ్డాను. దిబ్బల పక్కన మేము భోజనాలు చేసిన సరుగుడు తోటను హుద్‌హుద్ నేలమట్టం చేసింది. వీసీడీలు గీతలు పడి పనికిరాకుండా పోయాయి. 352×288 చుక్కల ఆ మసక బొమ్మను ఎవరో ఎక్కడో దాచి, యూట్యూబ్‌లో పెట్టారు. అదీ అప్పుడప్పుడూ చూసుకునేవాళ్ళం.

*

మావయ్య కెమెరా ఇప్పటికీ వాళ్ళింట్లో ఉంది గాని, క్యాసెట్ లోపలికి తీసుకోవడం మానేసింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఫైర్‌వైరు రంధ్రమే ఉండదు. కోఠిలో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకరు పనిచేసే పీడీ 170నూ, దానికి తగిన పాత కంప్యూటరునూ చూపించి, టేపు మీద బూజు లేదని భూతద్దంతో పరీక్షించాక గాని క్యాసెట్‌ను లోపల పెట్టనివ్వలేదు. సుమారు 68 మీటర్ల టేపు, అర సెంటీమీటరును కాస్త మించిన వెడల్పు. ఒక్కసారి ముడత పడితే అక్కడి బొమ్మ ఇక రాదని ఆయన భయం. గంటసేపు ఇద్దరమూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

నేను బొమ్మ కోసం కూర్చున్నాను. విన్నది వేరు.

ప్రతి బిట్టు మొదట్లో నా చెంచా టిక్కులు మూడు, ఆ వెంటనే దూరం నుంచి గాలికి వంకరపోతూ మా పాట, దాన్ని ముంచేస్తూ సముద్రం. ఎక్కడో వల లాగేవారి పాట మా తాళాన్ని తప్పిస్తూ, ఒక్కోసారి యాదృచ్ఛికంగా కలుస్తూ. వీటన్నిటికీ దగ్గరగా, మైకు ఆయన నోటి పక్కనే ఉంది కనుక అందరికన్నా స్పష్టంగా, మావయ్య గొంతు. "ఊఁ... రానీ... రానీ తల్లీ... బాగుంది. మళ్ళీ." ఆయన "మళ్ళీ" అన్న ప్రతిసారీ ఒక గీత గీశాను. ఆ ఒక్క క్యాసెట్‌లో నలభై మూడు గీతలు వచ్చాయి. విసుగు ఒక్కదానిలోనూ లేదు.

టేపు చివర్లో కెమెరా ఆపడం మరచిపోయినట్టున్నారు. ఇసుక మీద పెట్టిన కెమెరాకు స్టాండు కాలు, కాస్త ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించవు. దాదాపు ఆరు నిమిషాలు అలాగే నడిచింది. ఎవరో క్యారేజీ గిన్నెలు కడుగుతున్నారు. మావయ్య బీడీ వెలిగించుకుని మా వాడితో అంటున్నారు: "తాళి రెండోపాలి కట్టరు కదరా. జీలకర్ర బెల్లం రెండోపాలి పెట్టరు. ఇరవై ఏళ్ళయినాది కెమెరా పట్టి, దొరికిందే దక్కినాది. ఇంకోపాలి అనడానికి నోరు రాదు. ఇయ్యాళే అన్నాను, తనివితీరా." వాడు ఏదో జవాబు చెప్పాడు, గాలికి అర్థం కాలేదు. ఆ తర్వాత ఒక లోహపు చప్పుడు. మూత ఒకటి రాయికి తగిలి, గట్టు మీద దొర్లుకుంటూ, దూరమవుతూ, కిందికి ఎక్కడికో పోయిన చప్పుడు. "ఒరే, మూత! మూత! మీ అత్త సంపేస్తాది!" అని మావయ్య పరుగెత్తడం, మేమందరమూ అరుచుకుంటూ వెంటపడడం. ఆ తర్వాత ఎవరూ లేరు, అలలు మాత్రమే. టేపు అక్కడ అయిపోయింది.

ఆ ఆరు నిమిషాల చప్పుడునూ వేరుచేసి ఆయన కొడుకుకు పంపాను. ఆ రాత్రే ఫోను వచ్చింది. నాన్న ఫొటోలు చాలా ఉన్నాయి గాని గొంతు తమ దగ్గర ఎక్కడా లేదని, తీసిన ప్రతి పెళ్ళిలోనూ మిక్సింగులో ఆయన మాటలు తీసేసి సినిమా పాటలు వేశారని చెప్పాడు. చివరికి తమ సొంత ఇంటి పెళ్ళిళ్ళలోనూ అంతేనట. ఆ మాట చెబుతూ కాసేపు ఆగిపోయాడు. తర్వాత ఫోను అత్తయ్యకు ఇచ్చాడు.

ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

"అయితే ఆ మూత దిబ్బల్లో పోనాదన్నమాట బాబూ" అన్నారు చివరికి. "బస్సులో మర్చిపోనాననీవోరు. ఇన్నాళ్ళూ ఆ క్యారేజీకి పళ్ళెం బోర్లించి కడతన్నాను."